ఆటలో మునిగిన భర్త - ఇల్లాలి హక్కు

మద్రసాలో పాఠాలు చెప్పే వారి వద్దకు ప్రజలు ధర్మసందేహాలు తీసుకుని రావడం పాత ఆనవాయితీ. తలాఖ్ మాటలు ఎలా పలికారన్నది, తండ్రి ఆస్తిలో కూతురి వాటా ఎంతన్నది, బంగారంపై జకాత్ ఎలా లెక్కించాలన్నది... ఇవే ఎక్కువగా వినిపించేవి. కొన్నేళ్లుగా వీటి సరసన మరో ప్రశ్న వచ్చి చేరింది. అడిగేది చాలావరకు పెళ్లయి మూడు నాలుగేళ్లయిన యువతులు, లేదంటే వారి తల్లులు. "మౌలానా సాబ్, సెల్‌ఫోన్‌లో తుపాకుల ఆట ఆడటం హరామేనా? హరామని ఒక కాగితం మీద రాసిస్తే ఆయనకు చూపిస్తాను" అంటారు.

ఆ కాగితం రాసివ్వడం కష్టమేమీ కాదు. పందెం కాసి ఆడేది జూదం. దివ్య ఖుర్ఆన్ మద్యంతో పాటే దానినీ నిషేధించింది. నమాజును మరపించే ఆట, అశ్లీల దృశ్యాలున్న ఆట ధర్మసమ్మతం కావు. ఇవేవీ లేని వినోదం విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. చదరంగం గురించి పూర్వకాలపు ఇమాముల నుంచీ నడుస్తున్న చర్చ ఇందుకు దగ్గరి ఉదాహరణ. అయితే ఆ కాగితంతో ఇల్లు చక్కబడుతుందని నేను అనుకోను. హరామని రాస్తే భర్త యూట్యూబ్‌లో వెతికి మరో ఆలిమ్ చెప్పిన వెసులుబాటును ముందు పెడతాడు. అనుమతి ఉందని రాస్తే భార్య నోరు మూతపడుతుంది. ఏది రాసినా ఆమె బాధ ఉన్నచోటే ఉంటుంది. ఆమె అసలు అడగవలసిన ప్రశ్న వేరు: భర్త రాత్రి సమయంలో తనకు హక్కు ఉందా, ఉంటే ఎంత? ఇది ఆటల అధ్యాయంలో తేలే సంగతి కాదు. భార్యాభర్తల హక్కుల అధ్యాయానికి చెందినది.

ఆ సోదరీమణులు చెప్పే సంగతులు ఒకదానికొకటి ఎంతగా పోలి ఉంటాయంటే, ఒకే ఇంటి కథను పలువురు చెబుతున్నారా అనిపిస్తుంది. భర్త పని నుంచి వస్తాడు. భోజనం అవుతుంది. ఇషా నమాజు అయితే అవుతుంది, లేకపోతే లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటాడు. బిడ్డ వచ్చి చొక్కా పట్టుకు లాగితే "ఒక్క నిమిషం" అంటాడు. ఆ నిమిషం అర్ధరాత్రి దాటి ఒంటిగంటకో రెండింటికో పూర్తవుతుంది. ఫజ్ర్ అజాన్‌కు మెలకువ రాదు. మరునాడు దుకాణంలోనో ఆఫీసులోనో కళ్లు మూతలు పడుతుంటాయి. రాత్రంతా ఆ గదిలో అతని గొంతు వినిపిస్తూనే ఉంటుంది. అరుస్తాడు, నవ్వుతాడు, పేర్లు పెట్టి పిలుస్తాడు. ఆ పేర్లలో భార్య పేరు ఉండదు.

ఇంతకంటే బాధాకరమైన విషయం మరొకటి ఉంది. ఈ ఫిర్యాదును ఫిర్యాదుగా స్వీకరించేవారే లేరు. అత్తగారితో చెప్పుకుంటే, "తాగుతున్నాడా? జులాయిగా తిరుగుతున్నాడా? కళ్ల ముందు ఇంట్లోనే ఉన్నాడు కదా, షుక్ర్ చేయి" అన్న జవాబు వస్తుంది. పుట్టింటివారు కూడా "ఇంత చిన్న విషయానికా?" అంటారు. నిజమే, అతడు తాగడు, కొట్టడు, సంపాదన ఇంటికే తెస్తాడు. "ఆయన చెడ్డవారు కారు" అని భార్య కూడా అంటుంది. చెడ్డవాడు కాని మనిషి గురించి ఎవరితో, ఏమని చెప్పుకోవాలి?

హజ్రత్ ఉమ్ముద్దర్దా (రజి) పరిస్థితి ఇంతకంటే క్లిష్టమైనది. ఆమె భర్త హజ్రత్ అబుద్దర్దా (రజి) మునిగి ఉన్నది ఆరాధనలో. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. అటువంటి భర్త మీద ఏ భార్య నోరు విప్పగలదు? సహీహ్ బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతం చాలామందికి తెలిసిందే. అయినా ఈ సమస్యను దృష్టిలో పెట్టుకుని దానిని మరోసారి నెమ్మదిగా చదవవలసి ఉంది.

మదీనాకు వలస వచ్చిన తరువాత దైవప్రవక్త (స) అనుచరుల మధ్య సోదర బంధాలు ఏర్పరిచారు. అలా హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), అబుద్దర్దా (రజి) సోదరులయ్యారు. ఒకరోజు సల్మాన్ (రజి) ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఇల్లాలు అతి సాధారణమైన, అలంకరణ లేని దుస్తుల్లో కనిపించారు. ఏమిటీ స్థితి అని అడిగారు. మీ సోదరునికి ఈ లోకంతో అవసరం లేదన్నట్లు ఆమె క్లుప్తంగా జవాబిచ్చారు. భర్తను నిందించలేదు, గోడు వెళ్లబోసుకోలేదు. అయినా వినవలసిన వారికి అంతా వినిపించింది.

తరువాత సల్మాన్ (రజి) ఏం చేశారో గమనించండి. అబుద్దర్దా వచ్చి అతిథికి భోజనం సిద్ధం చేసి, తాను ఉపవాసంలో ఉన్నానన్నారు. మీరు తింటేనే నేను తింటానని సల్మాన్ పట్టుబట్టారు. ఆయన తిన్నారు. రాత్రి కాగానే అబుద్దర్దా నమాజుకు లేవబోయారు. పడుకోమన్నారు సల్మాన్. కాసేపటికి మళ్లీ లేవబోతే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో ఇప్పుడు లేవమన్నారు. ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తరువాతే సల్మాన్ తన మాట చెప్పారు: ప్రభువుకు నీపై హక్కు ఉంది, నీ ప్రాణానికి హక్కు ఉంది, నీ ఇల్లాలికీ హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి చెల్లించాలని. అబుద్దర్దా (రజి) వెళ్లి ఈ సంగతి విన్నవించగా, సల్మాన్ సత్యం పలికారని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు.

సల్మాన్ (రజి) వెళ్లీ వెళ్లగానే ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ ఇంట తిన్నారు, ఆ ఇంటనే పడుకున్నారు, సోదరుడు లేవబోయిన ప్రతిసారీ పక్కనే ఉన్నారు. నమాజు మానమని చెప్పలేదు, దాని వేళను మార్చారు. హితవు అన్నింటికంటే చివర వచ్చింది. రాత్రి నమాజుకే ఇల్లాలి హక్కు ముందు ఒక హద్దు ఉన్నప్పుడు, ఫోన్‌లో కాల్పుల ఆట ఏపాటిది? భర్తకు చూపవలసిన కాగితం ఏదైనా ఉంటే, నా దృష్టిలో ఈ హదీసే.

ఇలాంటిదే మరొకటి కూడా బుఖారీలో ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యువకుడు, ఆరాధనలో తీవ్రమైన పట్టుదల గలవారు. ఆయనకు ఒక ఉన్నత కుటుంబపు స్త్రీతో పెళ్లి జరిగింది. తండ్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) తరచూ కోడలి వద్దకు వెళ్లి భర్త ఎలా చూసుకుంటున్నాడని అడిగేవారు. ఎంతో మంచివారంటూనే, వచ్చిన నాటి నుంచీ తన దరికి రాలేదని ఆమె సూచనగా చెప్పారు. ఇది చాలాకాలం సాగడంతో తండ్రి విషయాన్ని దైవప్రవక్త (స) దృష్టికి తెచ్చారు. ఆయన ఆ యువకుణ్ణి పిలిపించి ఆరాధనకు పరిమితి నిర్ణయించారు. నేను ఈ హదీసు పాఠం చెప్పినప్పుడల్లా మామగారు అడిగారన్న మాట దగ్గర ఆగుతాను. కొడుకు పక్షాన నిలిచి కోడలికి సర్దిచెప్పడానికి ఆయన వెళ్లలేదు. తన కొడుకు గురించి కోడలినే అడగడానికి వెళ్లారు, అదీ పలుమార్లు. మన ఇళ్లలో ఎందరు మామగార్లు ఈ ప్రశ్న అడుగుతున్నారు?

ఇక ఆట సంగతి. రోగం తెలియకుండా మందు చెప్పకూడదు కాబట్టి, మా పెద్ద తరగతి విద్యార్థులను కూర్చోబెట్టి ఇది ఎలా ఆడతారో చెప్పించుకున్నాను. వాళ్లు చెప్పిన తీరు చూస్తే అనుభవం మీదే చెబుతున్నారని తెలిసిపోయింది. అది వేరే విషయం.

పబ్జీ, దాని వారసుడైన బీజీఎంఐ వంటి ఆటల్లో ప్రధానమైన పోటీలో సుమారు 100 మంది ఒక దీవి మీద దిగుతారు. చివరిదాకా మిగిలిన జట్టు గెలుస్తుంది. ఒక మ్యాచ్‌కు దాదాపు అరగంట పడుతుంది. జట్టులో నలుగురు ఉంటారు, ఒకరి గొంతు ఒకరికి వినిపిస్తుంది. మధ్యలో ఆపి తరువాత కొనసాగించే వీలు లేదు. లేచి వెళ్లిపోతే మిగిలిన ముగ్గురు ఇరుకున పడతారు, తన ర్యాంకు పడిపోతుంది. రోజూ తెరిచినవారికి ఏదో ఒక బహుమానం ఉంటుంది. కొంతకాలానికి సీజన్ మారి, సంపాదించిన ర్యాంకు కిందికి జారుతుంది. మళ్లీ ఎక్కాలి. మనిషిని అక్కడే కట్టి ఉంచే ఏర్పాటు ఇది. వ్యాపారం నడిచేదే దాని మీద.

ఇది తెలిస్తే రెండు విషయాలు అర్థమవుతాయి. మొదటిది, "ఇప్పుడే ఆపు" అన్న కేక ఎందుకు పనిచేయదో. భార్య అతణ్ణి ఫోన్ నుంచి పిలుస్తున్నానని అనుకుంటుంది. అతనికి మాత్రం ముగ్గురు మిత్రులను నడిమధ్య వదిలి రమ్మన్నట్లు ఉంటుంది. రెండవది, నిమిషాల లెక్క ఎందుకు నిలవదో. అరగంట అని ఒప్పుకున్నవాడు ఇరవయ్యో నిమిషంలో రెండో మ్యాచ్ మొదలుపెడతాడు, మాట తప్పుతాడు. కాబట్టి ఒప్పందం మ్యాచ్‌ల లెక్కన ఉండాలి. వారంలో ఏ రోజులు, రోజుకు ఎన్ని మ్యాచ్‌లు, చివరిది ఏ నమాజుకు ముందు ముగియాలి - ఇవి మాట్లాడుకోవాలి. మాట్లాడేది కూడా ఆట నడుస్తుండగా కాదు. పగటిపూట, ఇద్దరూ తిని స్థిమితంగా ఉన్నప్పుడు మాట్లాడాలి.

ఈ ఒప్పందానికి గీత గీయదగిన చోటు ఇషా. ఇషాకు ముందు నిద్రను, ఇషా తరువాత కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారు. అయితే ఇంటివారితో, అతిథులతో మాట్లాడుకోవడాన్ని ఉలమా దీని నుంచి మినహాయించారు. అంటే ఇషా తరువాతి సమయం మేల్కొని గడపవలసి వస్తే దానిలో మొదటి హక్కుదారు ఇల్లాలు. దీవి మీద దిగిన 99 మంది అపరిచితులు కారు.

ప్రభుత్వ నిషేధంతో పని జరుగుతుందని ఆశపడినవారూ ఉన్నారు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించినప్పుడు ఎన్నో ఇళ్లలో స్త్రీలు ఊపిరి పీల్చుకున్నారు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. 2022లో దానిని మళ్లీ తొలగించారు, 2023లో మళ్లీ వచ్చింది. భర్త ఫోన్‌ను బియ్యం డబ్బాలో దాచే ఇల్లాలి పరిస్థితీ అంతే. దొరికేదాకా ఇంట్లో రభస, దొరికిన తరువాత ఆమె మాటకు విలువ ఉండదు. ఫోన్ పగలగొట్టడం, అతని తల్లిదండ్రుల ముందు, స్నేహితుల ముందు హేళన చేయడం, చిన్న పిల్లవాడివా అని పోల్చడం కూడా పనికిరావు. అవమానపడ్డ మగవాడు తలదాచుకునే చోటు ఏదని ఆలోచిస్తే, మొదట ఆ ఆటే గుర్తుకు వస్తుంది.

ఆటను ద్వేషించే ధర్మం కాదు మనది. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, కొన్నాళ్ల తరువాత ఆయన గెలిచి, అప్పటిదానికి ఇది చెల్లు అన్నారు. మస్జిదులో హబషీలు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, ఆయిషా (రజి)కి తనివి తీరేదాకా ఆమెకు అడ్డుగా నిలబడి చూపించారు. ఆమె చాలు అనేవరకూ ఆయన కదలలేదు. వినోదం కోరుకునే చిన్న వయసు అమ్మాయి మనసును గుర్తించండని ఆమే తరువాతి రోజుల్లో చెప్పేవారు. మనిషి ఆడే ఆటల్లో వ్యర్థం కానివాటిని లెక్కించిన హదీసులో విలువిద్య, గుర్రానికి శిక్షణతో పాటు భార్యతో ఆడటం కూడా ఉంది. పెళ్లయిన యువకుడికి ఆట అవసరం. అతడు ఎవరితో ఆడుతున్నాడన్నదే చూడవలసింది.

భార్య కూడా ఆ ఆట నేర్చుకుని కలిసి ఆడవచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. ఇద్దరూ కూర్చుని ఒక పావుగంట లూడో ఆడుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ రోజంతా వంట, పిల్లలు, అత్తమామల సేవతో అలసిన స్త్రీని, భర్త కావాలంటే తుపాకీ పట్టుకుని ఆ దీవి మీదికి రమ్మనడం న్యాయంగా తోచదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని ఆయిషా (రజి) చెప్పారు. ఆ సున్నత్‌లో సగం ఆచరించినా ఆమెకు ఆడుకునే ఓపిక మిగులుతుంది.

ఇందులో భార్యల వంతు లేదని అనడం లేదు. మిఠాయిలు కలిపే ఆటలో మునిగి పొయ్యి మీద పాలు పొంగబెట్టే ఇల్లాళ్లు, బిడ్డకు పాలిస్తూ కూడా తెర నుంచి చూపు తిప్పని తల్లులు ఉన్నారని భర్తలు చెబుతారు. కొలత ఇద్దరికీ ఒక్కటే.

కొన్ని ఇళ్లలో వ్యవహారం ఈ హద్దు దాటిపోతుంది. మొదటిది డబ్బు. ఆటలో దుస్తులు, తుపాకుల రంగులు కొనడానికి వందలతో మొదలై వేలకు చేరుతుంది. రమ్మీ వంటి పందెపు ఆటలకు మళ్లితే రుణ యాప్‌ల దాకా పోతుంది. పందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం ద్వారా నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ధర్మం దృష్టిలో అది ఎప్పటినుంచో జూదమే. ఇక్కడ సోదరీమణులు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి: మీ మహ్ర్, మీ సొంత నగలు మీ ఆస్తి. భర్త ఆట అప్పులకు వాటిని తాకట్టు పెట్టవలసిన బాధ్యత మీపై లేదు. ఇంటి ఖర్చు అతని బాధ్యత. అబూ సుఫ్యాన్ తగినంత ఇవ్వడం లేదని హింద్ (రజి) ఫిర్యాదు చేసినప్పుడు, తనకూ పిల్లలకూ సరిపడేంత మర్యాద ప్రకారం ఆయన సొమ్ములోంచి తీసుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. జీతం రాగానే బియ్యం, అద్దె, ఫీజుల సొమ్ము పక్కకు తీయమనడం అమర్యాద కాదు.

రెండవది రోగం. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల జాబితాలో చేర్చింది. 2022 జనవరి 1 నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. దాని గుర్తులు మూడు: ఆపుకోలేకపోవడం, ఇతర పనులన్నింటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా కొనసాగించడం. సాధారణంగా ఏడాదిగా ఇలా ఉంటే రోగమని నిర్ధారిస్తారు. రోజూ ఒక మ్యాచ్ ఆడేవాడు రోగి కాడు, ఉద్యోగం పోయినా ఆపలేనివాడు కావచ్చు. అటువంటి వారికి తాయెత్తు కట్టించి కాలయాపన చేయకండి. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) ఆదేశం. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో ఇందుకోసం ప్రత్యేక క్లినిక్ ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అంతదూరం వెళ్లలేనివారు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ అనగానే పిచ్చాసుపత్రి అని నవ్వేవారు ఉంటారు. నవ్వనివ్వండి.

మూడవది చేయి చేసుకోవడం. ఆట మధ్యలో పిలిచిందని భార్యను కొట్టేవాడి విషయం ఆట చర్చ కాదు. దౌర్జన్యం జరిగిన ఇంట్లో సహనం బోధించడం పెద్దల పని కాదు. ఆమెను సురక్షితమైన చోటికి చేర్చడం వారి పని. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉన్నది అందుకే.

ఈ మూడింటి దాకా రాకముందే పెద్దలు కదలాలి. భార్యాభర్తల మధ్య చీలిక భయం కలిగినప్పుడు అతని కుటుంబం నుంచి ఒకరిని, ఆమె కుటుంబం నుంచి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమని సూరహ్ అన్నిసాలో ఆదేశం ఉంది. మన వద్ద ఈ మధ్యవర్తులు తలాఖ్ మాట వచ్చాక ఒక మధ్యాహ్నం వచ్చి, టీ తాగి, ఇద్దరినీ నాలుగు మాటలని వెళ్లిపోతారు. సల్మాన్ (రజి) మాదిరిగా ఒక రాత్రి ఆ ఇంట ఉండేవారు ఎంతమంది?

అలా ఉన్న ఒక పెద్దమనిషి నాకు తెలుసు. నిజామాబాద్ జిల్లాలో ఒక కుటుంబం. కొడుకు గల్ఫ్‌లో పని చేస్తాడు. అక్కడి క్యాంపు గదిలో, డ్యూటీ తరువాతి ఒంటరితనంలో, ఊళ్లోని బాల్యమిత్రులతో మాట్లాడుకోవడానికి అతనికి దొరికిన తోవ ఈ ఆటే. సెలవు మీద ఇంటికి వచ్చినా అది ఆగలేదు. ఏడాదిన్నరగా ఎదురు చూసిన భార్యకు అతని వీపే కనిపించేది. ఆమె ఎవరికీ చెప్పలేదు. మామగారే ఒకరోజు కోడలిని అడిగారు. ఆ రాత్రి నుంచి మూడు రాత్రులు ఇషా తరువాత వచ్చి కొడుకు పక్కన కూర్చున్నారు. మందలించలేదు. ఎవరితో ఆడుతున్నావు, వాడి తండ్రి ఎలా ఉన్నాడు అని అడుగుతూ కూర్చున్నారు. నాలుగో రోజు ఆ మిత్రులందరినీ ఇంటికి భోజనానికి పిలిచారు. ముగ్గురిలో ఇద్దరు పక్క వీధివాళ్లేనట. ఆట వేళను శుక్రవారం అసర్ తరువాతికి మార్చుకుందామని వాళ్లే అన్నారు.

అతడు ఆడటం మానలేదు. సెలవు ముగిసేదాకా ఇషా తరువాత ఆ ఫోన్ మాత్రం తల్లి గదిలోని బీరువాలో ఉండేది. తాళంచెవి కోడలి దగ్గర ఉండేది.